తొమ్మిది నిమ్మచెక్కలు

లేత్ మేస్త్రీ చేతిలోంచి గిన్నె లాక్కున్న శనివారం నుంచే చెప్పాలి. ఆ రోజు నేను చేసింది తప్పని ఇప్పుడు నాకెవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం వాళ్ళ చేతిలో గిన్నె కూడా లాక్కునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన బతికున్న రోజుల్లో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

మా ఇంటి ముందుగది ఇరవై రెండేళ్ళుగా సూప్ కొట్టు. నాలుగు బల్లలు, పదహారు స్టూళ్ళు, వీధి వైపు ఒక కిటికీ. వారమంతా కూరగాయల సూపో, పప్పు సూపో ఉంటుంది. శనివారం మాత్రం పెద్ద గిన్నె ఎక్కుతుంది. గొడ్డు ఎముకలు, గుండెకాయ, కిడ్నీలు, కార్జం, బోటి, అందులోకి బార్లీ, ఉల్లిపాయలు, క్యారెట్లు, బంగాళాదుంపలు, దండిగా వెల్లుల్లి, మిరియాలు. పన్నెండింటికల్లా లేత్ షెడ్డు వాళ్ళు, టైర్ల దుకాణం వాళ్ళు, ఎదురు ఆసుపత్రిలో బట్టలుతికే వాళ్ళు, ఇద్దరు ముగ్గురు నర్సులు వచ్చి కూర్చుంటారు. రెండింటికి గరిట గిన్నె అడుగున గీరుకుంటుంది.

మేస్త్రీ మా ఆయనకి స్నేహితుడు. నాకు మరిది వరస. కొట్టు తెరిచిన మొదటి శనివారం నుంచి కిటికీ పక్క స్టూలు అతనిది. గిన్నెలోకి చూడకుండా, వీధిలోకి చూస్తూ తినేస్తాడు. నేను పెట్టిందాన్ని అతను ఎప్పుడూ చూసి తినలేదు. అలాంటి మనిషి ఆ శనివారం ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టాడు.

"వదినా, ఈ వారం బోటి కొంచెం వాసనొస్తోంది," అన్నాడు.

మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నా గదిలో ఉన్న పద్నాలుగు మందీ విన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వంగి అతని గిన్నె మీద ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు. లేనిది ఉందంటున్నాడంటే కావాలని అంటున్నట్టే కదా. గిన్నె లాక్కుని, గ్రీజు పట్టిన ముక్కుతో నా బోటికి వంకలు పెట్టే మగాడివయ్యావా, ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు అన్నాను. అతను లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. వెళ్ళిపోయాడు. ఆ రోజు మరో ఐదారుగురు కూడా సగం వదిలేసి లేచారు. ఇతనే వాళ్ళ మనసు విరిచేశాడని నేను ఇంకో రెండు రోజులు తిట్టుకున్నాను.

ఇక్కడ బోటి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా రోషం మీకు అర్థం కాదు. గుండెకాయతో పేచీ లేదు. తెల్లటి గొట్టాలు కోసేసి, లోపల గడ్డకట్టిన రక్తం పిండేస్తే చాలు, రెండు గంటలు ఉడికి మెత్తబడుతుంది. కిడ్నీలు నిలువుగా చీల్చి, మధ్యలో తెల్ల గట్టిభాగం తీసి పాలలో వేస్తే సరి. కార్జానికి పైపొర ఒలిచి, పల్చగా కోసి, మంట ఆపేశాక ఆ వేడిలో వెయ్యాలి. ముందు వేస్తే చెప్పు అట్టలా గట్టిపడుతుంది. ఇవన్నీ ఎవరైనా రెండు వారాల్లో నేర్చుకోగలరు. బోటి అలా కాదు. వేడినీళ్ళలో ముంచి, నల్ల పొర కత్తితో గీకి, రాళ్ళుప్పు పోసి రుద్ది, నిమ్మచెక్కతో మళ్ళీ రుద్ది, తిరగేసి కడగాలి. ఎన్నిసార్లని మా అత్త నాకు ఎన్నడూ లెక్క చెప్పలేదు. పశువు ఏం మేసిందో, ఏ కాలమో దాన్ని బట్టి ఒకటి మూడుసార్లకి లొంగుతుంది, ఒకటి ఏడుసార్లు కడిగినా లొంగదు. వాసన పోయేదాకా కడుగు అనేది ఆవిడ. అంతే. ముక్కు దగ్గర పెట్టుకుంటే పశువుల కొట్టం గుర్తొస్తే మళ్ళీ కడగాలి. ఉత్త నీళ్ళు గుర్తొస్తే ఆపాలి. ఇరవై రెండేళ్ళుగా నేను అలాగే ఆపుతున్నాను.

ఆ శనివారానికి ముందు, వానలు మొదలైనప్పుడు, నాకు పది రోజులు జ్వరం, జలుబు. కొట్టు మూసి పడుకున్నాను. లేచాక చూస్తే మాంసమే మారిపోయింది. బోటి ఒక్కసారి కడిగితే వాసన పోతోంది. మొదట్లో సంతోషించాను, నడుం కలిసొస్తోందని. తర్వాత అనుమానం మొదలైంది. వాసన లేని బోటి ఈ లోకంలో ఎక్కడైనా ఉంటుందా? మాంసం కొట్టాయన దేంట్లోనో ముంచి అమ్ముతున్నాడని నాకు రూఢి అయిపోయింది.

వెళ్ళి నిలదీశాను. ఆయన కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పొద్దున కోసిన పశువమ్మా, ఇంకా వేడి కూడా ఆరలేదు, మందులూ మాకులూ నాకెందుకు అన్నాడు. ఒక ముక్క తీసి నా ముఖం ముందు పెట్టాడు. నేను గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. "చూశావా, వాసనే లేదు. ఇది బోటేనా?" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక రకంగా చూశాడు. తర్వాత సంచి మోయడానికి నా వెనకాల వచ్చిన మా కోడలి వైపు చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది. ఆ చూపుని నేను అక్కడికక్కడే పట్టుకున్నాను. ఇద్దరి మధ్యా నాకు తెలియనిదేదో ఉంది.

మా కోడలికి నేను పెట్టిన పేరు పిల్లి. అడుగు చప్పుడు వినపడదు. నోట్లో నాలుక లేదు. పెళ్ళికి ముందు బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పని చేసేది. సబ్బు వాసన తప్ప ఇంకో వాసన ఎరగని పిల్ల. ఇంటికొచ్చిన మొదటి శుక్రవారం పెరట్లో బోటి బేసిన్ చూసి, కాలవ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఆ సంగతి నేను కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ వేషం వేసి మరీ చూపించి నవ్వించాను. అప్పట్నుంచి రెండేళ్ళు శుక్రవారం వచ్చిందంటే ఆ పిల్ల పెరటి గుమ్మం దాటేది కాదు.

అలాంటిది ఈ నెల రోజులుగా శుక్రవారం మధ్యాహ్నం పెరట్లోనే తచ్చాడుతోంది.

నేను శుక్రవారం ఒంటిగంటకి బోటి కడిగి, ఉప్పునీళ్ళలో వేసి మూత పెట్టి, రెండింటికి ఒక కునుకు తీస్తాను. మూడున్నరకి లేస్తాను. లేచేసరికి పెరట్లో గచ్చు తడిగా ఉంటోంది. నేను బేసిన్ గోడవార పెడితే అది కుళాయి పక్కకి జరిగి ఉంటోంది. కొత్త ఉప్పు పొట్లం రెండు వారాల్లో అయిపోయింది. ఆ పిల్ల వేళ్ళ కొసలు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంటున్నాయి. ఏం చేశావమ్మా అనడిగితే గిన్నెలు తోమాను అత్తయ్యా అంటుంది. వెనక్కి తిరిగి చూస్తే మధ్యాహ్నం తిన్న కంచాలు తొట్టిలోనే ఉన్నాయి.

ఆ తర్వాతి వారం చెత్తబుట్ట తిరగేశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, తిరగేశాను. నేను వాడేది రెండు నిమ్మకాయలు, అంటే నాలుగు చెక్కలు. బుట్టలో తొమ్మిది ఉన్నాయి. నాలుగు నావి, మిగతా ఐదూ ఎవరివి? పైగా ఐదేమిటి? ఎవరు కోసినా సరిసంఖ్యే రావాలి కదా. ఆ పదో చెక్క ఎక్కడికి పోయిందో నాకు ఆ వారమంతా నిద్రలో కూడా అదే ధ్యాస.

ఇంట్లో మావాడి ధోరణి కూడా మారింది. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు మాడిపోయాయి. నేను మూడడుగుల దూరంలో వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాను. వాడు వీధిలోంచి పరుగెత్తుకొచ్చి మంట ఆపాడు. అమ్మా, ఇల్లంతా కంపు కొడుతుంటే నీకు తెలియలేదా అన్నాడు. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాను. వాడు పెళ్ళాం ముఖం చూశాడు, ఆమె వాడి ముఖం చూసింది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్దామా అని మొదలుపెట్టాడు. నాకేం రోగం అన్నాను. అయితే పోనీ, పనంతా ఒక్కదానివే ఎందుకు నెత్తిన వేసుకుంటావు, కాస్త తనకి అప్పగించు అన్నాడు.

అదీ సంగతి అనుకున్నాను. తీగ దొరికింది, ఇక డొంక కదలడమే తరువాయి.

అది కూడా కదిలింది. శనివారం మధ్యాహ్నం కొట్టు కడిగేశాక బార్లీ తేవడానికి బయల్దేరాను. లేత్ షెడ్డు ముందు మా పిల్లి నిలబడి ఉంది. చేతిలో మా ఇంటి క్యారేజీ. ఎదురుగా మేస్త్రీ. ఆ షెడ్డు పక్కన ఏడాదిగా ఖాళీగా ఉన్న గదికి కొత్తగా రంగేసిన షట్టరు. నేను టైర్ల దొంతర వెనక్కి తప్పుకున్నాను. యాభై ఆరేళ్ళ వయసులో టైర్ల వెనక దాక్కోవలసి వచ్చిందే అని ఏడుపొచ్చింది, అయినా దాక్కున్నాను.

"ఆవిడకి తెలియకుండా ఎన్నాళ్ళు చేస్తావమ్మా?" అంటున్నాడు మేస్త్రీ.

"తెలిస్తే నన్ను బేసిన్ దగ్గరికే రానివ్వరు బాబాయ్. ఇంకొన్నాళ్ళు ఇలాగే కానివ్వండి," అంది మా పిల్లి.

బార్లీ తేకుండానే ఇంటికొచ్చేశాను. నేను వెళ్ళగొట్టిన మనిషికి నా సూప్ నా క్యారేజీలోనే మోసుకెళ్ళి ఇస్తోంది. పక్కన కొత్త కొట్టుకి గది సిద్ధమవుతోంది. నేను నిద్రపోతుంటే నా బోటి మీద చెయ్యి తిప్పి పని నేర్చుకుంటోంది. మాంసం కొట్టాయన వాళ్ళ పక్షం. నా కడుపున పుట్టినవాడూ వాళ్ళ పక్షమే.

భయమేసింది. కోపం కాదు, భయం. మా ఆయన పోయిన మూడో రోజు శనివారం. చుట్టాలంతా వద్దంటున్నా నేను పొయ్యి వెలిగించాను. ఆ గిన్నె కలుపుతూ నిలబడ్డాను కాబట్టే ఆ రోజు నిలబడగలిగాను. తొమ్మిదేళ్ళుగా శనివారం కోసమే వారం గడుపుతున్నాను. గరిట చేతిలోంచి పోతే ఈ ఇంట్లో నేను మూల కూర్చుని వెల్లుల్లి ఒలిచే ముసలిదాన్ని. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాక అన్నం దిగలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఈసారి కాపు కాయాలని నిశ్చయించుకున్నాను. బోటి ఎప్పటిలాగే కడిగాను. ఒక్క కడుగుకే వాసన పోయింది. ఉప్పునీళ్ళలో వేసి మూత పెట్టాను. అబ్బా నడుం అని పైకి వినపడేలా అనుకుంటూ వెళ్ళి వెనకగదిలో పడుకున్నాను. గురక కూడా పెట్టాను. ఆ గది కిటికీ రెక్క ఒకటి సరిగ్గా మూసుకోదు, వేలెడు సందు ఉంటుంది. మంచం మీద కూర్చుంటే పెరడంతా కనిపిస్తుంది. గురక ఆపకుండా కూర్చున్నాను.

పావుగంట తర్వాత పిల్లి వచ్చింది. ముందు నా కిటికీ వైపు చెవి పెట్టి గురక వింది. నిమ్మకాయలు మూడు తెచ్చింది, కోసింది. ఒక చెక్క చున్నీ అంచులో పెట్టి, అది సరిగ్గా ముక్కు కిందికొచ్చేలా చున్నీని ముఖానికి బిగించి కట్టుకుంది. పదో చెక్క దొరికింది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

మూత తీసింది. తీసీ తీయగానే తల పక్కకి తిప్పుకుని గోడ పట్టుకుంది. భుజాలు రెండుసార్లు ఎగిరాయి. ఇప్పుడు ఏదో సీసా తీసి పోస్తుందని నేను చూస్తున్నాను. సీసా లేదు. ఉప్పు దోసిలితో పోసింది. కత్తి తీసి గీకింది. నేను కడిగినట్టే కడిగింది, నాకంటే జాగ్రత్తగా, ప్రతి మడతా విప్పి. నీళ్ళు పారబోసి, చున్నీ కిందికి లాగి, ముక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం మాడ్చుకుంది. మళ్ళీ చున్నీ కట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అలా రెండోసారి, మూడోసారి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. దొంగతనానికి వచ్చినవాళ్ళు అలా ఏడవరు. నాకు గురక పెట్టడం ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు.

బయటికి వెళ్ళాను. "ఏం కలుపుతున్నావు అందులో?" అన్నాను. అడగాలనుకున్నది అది కాదు, కానీ నెల రోజులుగా నోట్లో ఉన్న మాట అదే వచ్చింది.

ఆమె చేతిలో ముక్క బేసిన్‌లో పడింది. ఏమీ కలపడం లేదు, కడుగుతున్నానంది. కడిగినదాన్ని కడగడమేమిటి అన్నాను. తల దించుకుని నిలబడింది. నేను గద్దించాక అప్పుడు చెప్పింది, వాసన పోలేదని. పోయింది, నేను చూశాను అన్నాను.

తను కడిగినవి వేసుకుంటున్న బకెట్‌లోంచి ఆమె ఒక ముక్క తీసింది. బేసిన్ అడుగున తను ఇంకా ముట్టుకోని ముక్కలు కొన్ని ఉన్నాయి, వాటిలోంచి ఒకటి తీసింది. ఒకటి నా కుడి చేతిలో, ఒకటి ఎడమ చేతిలో పెట్టింది. ఏది కడిగిందో చూసి చెప్పమంది.

కుడి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్ళు. ఎడమ చెయ్యి పెట్టుకున్నాను. నీళ్ళు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. "రెండూ కడిగినవే," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఈలోగా ఒక ఈగ వచ్చి నా ఎడమ చేతి మీద వాలింది. తోలితే లేచింది, మళ్ళీ ఎడమ చేతి మీదే వాలింది. ఇంకోటి వచ్చింది. అదీ ఎడమ చేతి మీదే. నేను రెండు చేతులూ అలాగే పట్టుకుని ఆ ఈగల్ని చూస్తూ నిలబడ్డాను. కుడి చేతి మీద ఒక్కటీ వాలలేదు.

ముక్కలు పారేసి ఆమె చున్నీలో ఉన్న నిమ్మచెక్క లాగి ముక్కుకి నొక్కుకున్నాను. తడి తగిలింది, పులుపు మంట తగిలింది, వాసన లేదు. వంటింట్లోకి పరుగెత్తాను. మిరియాల డబ్బా, వెల్లుల్లి, ఇల్లు తుడిచే మందు సీసా, అన్నీ మూతలు తీసి చూశాను. తుమ్ములొచ్చాయి, కళ్ళు మండాయి, అంతే. పాలు మాడిన సాయంత్రం గుర్తొచ్చింది. మాంసం కొట్టాయన చూపు గుర్తొచ్చింది. ఈ మధ్య మిరియాల్లో పస లేదని ఒకటికి రెండు వేస్తున్నాను, అదీ గుర్తొచ్చింది. వంటింటి గచ్చు మీద కూలబడిపోయాను. వాసన పోయేదాకా కడగమంది మా అత్త. వాసన నాలోనే పోయాక ఇక నేను కడిగేదేముంది?

పిల్లి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. మేస్త్రీ అన్న మాట నిజమేనని చెప్పింది. ఆ వారం సూప్ తన నోట్లో కూడా పెట్టుకోలేకపోయిందట. ఆ తర్వాతి శుక్రవారం నుంచి నేను పడుకోగానే తనే కడుగుతోందట. ప్రతి శనివారం ఒక క్యారేజీ మేస్త్రీకి పట్టుకెళ్ళి, ఇప్పుడు బాగుంది, రండి బాబాయ్ అని బతిమాలుతోందట. మా వదిన పిలిస్తేనే వస్తానని అతను క్యారేజీ మూత కూడా తీయడం లేదట. ఆ రంగేసిన షట్టరు ఎవరిదని అడిగాను. సైకిళ్ళు బాగుచేసే ఆయన తీసుకున్నాడంది. ఆ మాట అడిగినందుకు నాకే సిగ్గేసింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే?" అన్నాను.

"ఒక్క మాటన్నందుకు ఇరవై రెండేళ్ళ మనిషి చేతిలో గిన్నె లాక్కున్నారు అత్తయ్యా. నేను రెండేళ్ళదాన్ని," అంది.

నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల. తర్వాత ఇంకా మెల్లగా ఇంకో మాట చెప్పింది. నాకీ సంగతి తెలిస్తే గిన్నె దించేసి మూల కూర్చుంటానని, అలా కూర్చుంటే మనిషిని దక్కనని మొగుడూ పెళ్ళాలిద్దరికీ భయమట. వాళ్ళిద్దరూ నా గరిట లాక్కుంటున్నారని నేను వారం రోజులు అన్నం మానుకున్నాను. వాళ్ళు దాన్ని నా చేతిలోనే ఉంచడానికి వాంతులు ఆపుకుంటూ బోటి కడిగారు.

క్షమించమని నేను అడగలేదు. నాకు ఆ మాట పలకడం రాదు. లేచి, పెరట్లోకి వెళ్ళి, బేసిన్ ముందు కూర్చున్నాను. ఉప్పు ఇంకాస్త పోసుకొచ్చి ఇలా కూర్చో అన్నాను. నేను రుద్దాను, ఆమె నీళ్ళు పోసింది. ప్రతిసారీ ముక్క ఎత్తి ఆమె ముక్కు దగ్గర పెట్టి, పోయిందా అని అడిగాను. పోలేదంది. మళ్ళీ రుద్దాను. నాలుగు, ఐదు, ఆరు. ఏడోసారి ఆమె చున్నీ పూర్తిగా తీసేసి, రెండుసార్లు పీల్చి, పోయిందత్తయ్యా అంది. ఆమె చున్నీలో మళ్ళీ పెట్టుకున్న చెక్క తీసుకుని బుట్టలో వేశాను. ఇకమీదట వాంతి వేషం వెయ్యనని మాత్రం చెప్పాను. ఆమె నవ్వింది. సోమవారం డాక్టరు దగ్గరికి వస్తానని ఆ రాత్రి మావాడికి కూడా చెప్పాను.

శనివారం గిన్నె ఎక్కించాను. ఉప్పు నాలుకకి తెలుస్తోంది, మెత్తదనం వేళ్ళకి తెలుస్తోంది, చిక్కదనం కళ్ళకి తెలుస్తోంది. మిరియాలు వెయ్యబోయి ఆమె వైపు చూస్తే, చాలన్నట్టు తల ఊపింది. కానీ మనసు సూప్ మీద లేదు. ఎప్పుడు పన్నెండవుతుందా, ఎలా వెళ్తానా అనే ఆలోచనలో ఉన్నాను. పదకొండున్నరకే ఒక క్యారేజీ నింపుకుని, కొట్టు ఆమెకి అప్పగించి, షెడ్డుకి నడిచాను.

మేస్త్రీ నన్ను చూసి మిషన్ ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు కానీ దగ్గరికి రాలేదు. నేను అతని పనిబల్ల మీద ఇనప రజను చేత్తో పక్కకి నెట్టి, గిన్నెలో పోసి పెట్టాను. అతను వచ్చి, తినకుండా, గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇరవై రెండేళ్ళు గిన్నెలోకే చూడని మనిషి. నా చేతి వంటని అలా అనుమానంగా వాసన చూడటం నా గుండెలో గుచ్చుకుంది. అడిగే మొహం మాత్రం నాకు లేదు. అతని ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను, నాకు తెలిసే దారి అదొక్కటే కాబట్టి.

"ఎవరు కడిగారు?" అన్నాడు.

"మా కోడలు. ఏడుసార్లు," అన్నాను. "నాకు వాసన తెలియడం లేదు మరిదీ."

అతను స్టూలు లాక్కుని కూర్చుని, తినడం మొదలుపెట్టాడు. బోటి తిన్నాడు. గుండెకాయ తిన్నాడు. సగం గిన్నె అయ్యాక చెంచా కింద పెట్టి నా వైపు చూశాడు.

"కార్జం ముందు వేసేశావు వదినా, గట్టిపడింది," అన్నాడు.

నా చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది. అలవాటు. అది వెళ్ళడం అతనూ చూశాడు, గిన్నె మాత్రం వెనక్కి లాక్కోలేదు. నేను ఆ చేత్తోనే చెంచా తీసుకుని, ఒక కార్జం ముక్క నోట్లో వేసుకుని నమిలాను. నిజమే, గట్టిపడింది. బయల్దేరే తొందరలో మంట ఆపకుండానే వేసినట్టున్నాను.

వచ్చే వారం చూసి వేస్తానన్నాను. ఇక్కడ రజనులో కూర్చుని తినడమెందుకు, పన్నెండయ్యింది, కిటికీ పక్క నీ స్టూలు ఖాళీగానే ఉంది, పద అన్నాను. అతను గిన్నె పట్టుకునే లేచాడు.